గుబురయ్య దవడకు మోదుగాకు కట్టు

అనగనగా ఒక అడవిలో, ఇప్పపూలు వానలా రాలే కొండ దిగువన, గుబురయ్య అనే ఎలుగుబంటి పెత్తనం చేసేవాడు. పెత్తనం అంటే కూర్చుని తినడం కాదు పిల్లలూ. కొండ అవతల రేచుకుక్కలు ఉండేవి. గుంపు కట్టి వేటాడే అడవికుక్కలు అవి. ఏటా ఇప్పపూల కాలం అయిపోగానే వాగు దాటబోయేవి. అప్పుడు గుబురయ్య గట్టున నిలబడి ఒక్క బొబ్బ పెట్టేవాడు. ఆ వెనకే అడవంతా అరిచేది. కుక్కలు తోక ముడిచేవి. ఆ బొబ్బే ఆ అడవికి కంచె.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఇప్పపూలు రాలడం మొదలైన రోజున ఇకిలింపుల పండగ. అందరూ వరసగా నిలబడి పళ్ళు ఇకిలించాలి. కిచ్చన్న అనే కోతి చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళ ముందు నడిచేవాడు. దగ్గరికి మాత్రం పోడు, కంపు కొడుతుందని. దూరం నుంచే చూసి "భేష్, మెరుస్తున్నాయి" అనేవాడు. సాయంత్రానికల్లా చిలకలు పక్క అడవుల్లో చాటింపు వేసేవి. "మా అడవిలో పుచ్చుపన్ను లేదు. చూసి నేర్చుకోండి."

దాంతో అందరూ ముందు పళ్ళే తోమేవాళ్ళు. కానుగపుల్ల కొరికి, అవతలివాళ్ళకు కనపడే పళ్ళ మీద ఆడించి పారేసేవాళ్ళు. అదేం తోమడం? ఇల్లు ఊడ్వకుండా గడప కడిగినట్టు. పొద్దస్తమానం తినేదేమో ఇప్పపూలు, తేనె. ఆ జిగురంతా లోపలి పళ్ళ సందుల్లో కాపురం పెట్టేది.

ఒక పండగనాడు వాగు గట్టు నుంచి తీతువు పిట్ట వచ్చింది. పేరు తీతక్క. ముసలి మొసలి నోట్లో దూరి పళ్ళ సందులు శుభ్రం చేయడం ఆమె పని. అంత ముసలితనంలోనూ ఆ మొసలికి ఒక్క పన్ను కదల్లేదు. తీతక్క వరసంతా చూసింది.

"కిచ్చన్నా, ముందు పళ్ళు చూస్తే ఏం తెలుస్తుందయ్యా? నోళ్ళు తెరవమను. లోపల చూడు. నాకు ఇక్కడికే వాసన కొడుతోంది" అంది.

అందరూ టక్కున నోళ్ళు మూసుకున్నారు. గుబురయ్యకు కోపం వచ్చింది.

"పండగ పూట తీతువు కూత, అపశకునం" అన్నాడు. "ఒకరి నోట్లో ఏరుకు తినేదానివి, నువ్వా మాకు వంక పెట్టేది? వాగు అవతలికి పో. మళ్ళీ ఇటు రాకు."

"పోతానయ్యా" అంది తీతక్క. "ఈ మాట నువ్వు మర్చిపోతావు. నేను మర్చిపోను."

మరుసటి ఏడు, ఇప్పపూల కాలం ముగిసే వేళకు గుబురయ్య దవడపన్ను సలపడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పకుండా వేపబెరడు నమిలాడు. పన్ను ఊరుకోలేదు. వాగులో మూతి ముంచి కూర్చున్నాడు. చేపలు నవ్వుకున్నాయి గాని పన్ను ఊరుకోలేదు. ఆఖరికి కిచ్చన్న చెవిలో చెప్పాడు.

"పెద్దయ్యా, బయటపడితే మన చాటింపు ఏమైపోవాలి?" అన్నాడు కిచ్చన్న. "దవడకు మోదుగాకు పెట్టి తీగతో కట్టుకో. అడిగితే అలంకారం అను."

గుబురయ్య అలాగే కట్టుకున్నాడు. అడవిపంది బోడెన్న ఎదురొచ్చాడు.

"ఏంది మామా ఆ కట్టు?"

"అలంకారం. పెద్దరికానికి గుర్తు."

బోడెన్న మొహం వెలిగింది. "మేమూ కట్టుకోవచ్చా?"

"కట్టుకో. దానికేం."

తెల్లారేసరికి సగం అడవి మోదుగాకు కట్టుకుంది. కుందేలు కట్టుకుంది, నక్క కట్టుకుంది, కిచ్చన్న అయితే రెండు దవడలకూ కట్టుకున్నాడు. నా మీద ఎంత గౌరవం అని గుబురయ్య మురిసిపోయాడు. అంతలో కుందేలమ్మ దణ్ణం పెట్టబోయి "అమ్మా" అని చెంప పట్టుకుంది. గుబురయ్యకు అనుమానం వచ్చింది.

"అందరూ కట్లు విప్పండి."

"ముందు నువ్వు విప్పు మామా" అన్నాడు బోడెన్న.

ఎవరూ విప్పలేదు. బోడెన్న దవడ ఉబ్బి ఉబ్బి, ఆ తీగే తెగింది. కింద వెలగపండంత వాపు. ఇక దాచేదేముంది? గుబురయ్య తప్ప అందరూ ఒక్కొక్కరే విప్పారు. ఎటు చూసినా వాచిన దవడలే. చాటింపు వేసిన చిలకలు చూపు తిప్పుకున్నాయి.

అప్పుడే కొండ మీది నుంచి గద్ద కబురు తెచ్చింది. రేచుకుక్కలు దిగుతున్నాయి. రేపు పొద్దుటికి వాగు దగ్గరుంటాయి. గుబురయ్య బొబ్బ పెట్టి చూశాడు. "మ్మ్" అని వచ్చింది. కుందేలమ్మ పిల్లలను పొట్ట కిందికి లాక్కుంది.

"తీతక్కను పిలవాలి" అన్నాడు బోడెన్న.

"ఆ అపశకునాన్నా?" అన్నాడు కిచ్చన్న.

"శకునం సంగతి తర్వాత. ముందు నీ బూరె బుగ్గలు చూసుకో బావా."

గుబురయ్య కుందేలు పిల్లల వంక చూశాడు. లేచి ఒక్కడే వాగు దాటాడు.

"తీతక్కా, నాది తప్పే. పన్ను చూడు తల్లీ. ఇక్కడ ఎవరూ లేరు, ఇక్కడే చూసెయ్."

"చూడను" అంది తీతక్క. "నన్ను ఎక్కడి నుంచి పొమ్మన్నావో అక్కడే, అంతమంది ముందే నోరు తెరవాలి. నువ్వు దాచావు కాబట్టే అందరూ దాచారు."

ఆమె పంతం ఆమెది. ఎందుకు వదలాలి? గుబురయ్య కట్టు తీగ తెంపి వాగులో పారేశాడు. "పద" అన్నాడు.

పొద్దున్నే అందరి ముందూ గుబురయ్య నోరు తెరిచాడు. తీతక్క లోపలికి గెంతింది. లోపలి నుంచే మాట వినిపించింది.

"అబ్బో, పోయినేటి ఇప్పపూలు కూడా ఉన్నాయిక్కడ."

నొప్పి మర్చిపోయి అందరూ నవ్వారు. తీతక్క బయటికొచ్చింది. "పోయినేడే చూపిస్తే పుల్లతో పోయేది. ఇప్పుడు పీకాల్సిందే." సన్నటి తీగ తెచ్చి ఒక కొస పన్నుకు ముడేసింది. రెండో కొస మద్దిచెట్టుకు కట్టించింది.

"లాగేదెవరక్కా?" అన్నాడు బోడెన్న.

"ఎవరూ లాగొద్దు. కూర్చోండి."

అంతలో వాగు అవతల రేచుకుక్కలు ఊళ పెట్టాయి. గుబురయ్య తీగ సంగతి మర్చిపోయి ఒక్క దూకు దూకాడు. పన్ను ఊడి చెట్టు దగ్గర వేలాడింది. ఆ నొప్పికి గుబురయ్య పెట్టిన బొబ్బకు కొండ రాళ్ళు దొర్లాయి.

"ఒరే, అంత ఎలుగునే ఎవరో చంపుతున్నారు" అంది రేచుకుక్కల్లో పెద్దది. "వాడు మనల్ని వదుల్తాడా? పదండ్రా."

మళ్ళీ ఆ ఏడు అటు చూడలేదు.

తర్వాత తీతక్క అందరి నోళ్ళూ చూసింది. లేత కానుగపుల్లలు విరిచి అందరికీ పంచే పని కిచ్చన్నకు పడింది. చిలకలకు కొత్త చాటింపు చెప్పారు. "మా అడవిలో పుచ్చుపళ్ళు చాలా ఉన్నాయి. బాగు చేసుకుంటున్నాం. మీవి కూడా తెరిచి చూసుకోండి."

ఆ పై ఏటి నుంచి పండగలో ఇకిలించడం పోయింది, నోరంతా తెరవడం వచ్చింది. మొదట తెరిచేది గుబురయ్యే. ఊడిన పన్ను చోటు చూపించి, "దాస్తే ఇదీ గతి" అని పిల్లలకు చెప్పేవాడు. నోట్లోకి గెంతే ముందు తీతక్క ఒక్క మాట అడిగేది.

"ఏరుకు తినేది ఎవరు గుబురయ్యా?"

నోరు తెరుచుకుని ఉన్నవాడు ఏం చెబుతాడు? "ఆ... ఆ..." అనేవాడు. ప్రతి పండక్కీ అడిగింది. మర్చిపోనని ముందే చెప్పింది కదా.

నీతి: నవ్వేది ముందు పళ్ళతో, బతికేది వెనక పళ్ళతో. నొప్పిని దాచి పెంచుకోకండి, నోరు తెరిచి చూపించండి.