గాజుల విద్రుమ ఆచరించిన సన్నాహగౌరీ వ్రత కథ

గంధవతీ నది ఒడ్డున మునులందరు చాతుర్మాస్య దీక్షకై కూడియుండగా, మృదుకంఠుడను ముని లేచి కుశపాణి మహర్షికి మ్రొక్కి యిట్లడిగెను. స్వామీ, లోకమున కొందరు మగబిడ్డలని పిలువబడి పెరిగియు లోపల స్త్రీలైయున్నారు. వారు తమ నిజరూపమున బ్రతుకగోరి తొందరపడి, ఆరోగ్యమును, జీవనమును, అయినవారిని పోగొట్టుకొనుచున్నారు. అట్లు పోగొట్టుకొనక ఆ దారిని నడచుటకు వ్రతమేదైన కలదా, ఉన్నయెడల దానినెవరాచరించిరి, సెలవిండని వేడెను. కుశపాణి సంతసించి, సన్నాహగౌరీ వ్రతమని యొకటి కలదు, సన్నాహమనగా ముందుగా సిద్ధపడుట, దానిని గాజుల విద్రుమ ఆచరించిన విధము చెప్పెదను వినుమని యిట్లు చెప్పసాగెను.

స్ఫటికపురమను పట్టణమున గాజుల ఔబళయ్య, తిరుమలాంబ అను దంపతులుండిరి. వారికి లేక లేక యొక బిడ్డ కలిగెను. కొడుకు పుట్టెనని వీధివీధికి బెల్లము పంచిరి. ఆనాడు పెట్టిన పేరుతో ఈ కథకు పనిలేదు. ఆ బిడ్డ బుద్ధి తెలిసినప్పటినుండి తాను ఆడపిల్లనని ఎరిగి, తనకు తానే విద్రుమయని పేరు పెట్టుకొని, దానిని మనసులోనే దాచుకొనెను. పెరిగి పెద్దయై, తండ్రివెంట గాజుల మలారము భుజమున వేసికొని ఇంటింటికి తిరిగెను. వ్రేళ్ళు దగ్గరకు మడిచి, బొటనవ్రేలి మొదలు మెల్లగా నొక్కి, నొప్పి తెలియకుండ గాజు ఎక్కించుటలో ఆమెకు సాటి లేరని స్త్రీలందరు చెప్పుకొనిరి.

ఇరువదియొకటవ ఏట విద్రుమకు ఓపిక నశించెను. ఆమె ఎవరితోను చెప్పలేదు, ఎవరిని అడుగలేదు. సంతలో నొక మందులవాడు నలువది దినములలో ఆడరూపు తెప్పించెదనని ఇచ్చిన కషాయమును, త్వరగా పనిచేయవలెనని చెప్పినదానికి రెండింతలు త్రాగెను. ఆ వారమే చీర కట్టుకొని ఒంటరిగా రథోత్సవమునకు పోయెను. ఎరిగినవారు గుర్తుపట్టి చుట్టును మూగిరి, కొందరు రాళ్ళు విసరిరి. తల్లికి ఆ సంగతి కూరలమ్మునామె నోట తెలిసెను. గాజులవారి సంఘపు పెద్దలు ఔబళయ్యను పిలిపించి, ఇకమీదట మీ మలారమును ఏ వాకిటను దింపరాదని కట్టడి చేసిరి. కొన్ని దినములకే విద్రుమ కన్నులు పచ్చబడి, ఎడమకాలు వాచి, ఊపిరాడక పడిపోయెను. ఇంట గాజులు చేయు కొలిమి చల్లారెను.

చెన్నమాంబయను వైద్యురాలు ఎంతో శ్రమపడి ఆమెను బ్రతికించెను. ఆ వైద్యశాలకు పూలు తెచ్చునట్టి సిరియాలమ్మ అను ముదుసలి దినదినము వచ్చి ఆమెకు గంజి త్రాగించుచుండెను. సిరియాలమ్మయు వయసున ఈ దారినే నడచి స్త్రీగా స్థిరపడినదే. ఒకనాడు ఆమె గిన్నె క్రింద పెట్టి యిట్లనెను.

"చావాలని తాగావా, బతకాలని తాగావా?"

"బతకాలనే తాగాను" అని విద్రుమ చెప్పెను.

"బతకాలనుకున్నదానికి అంత తొందర దేనికే తల్లీ? నాకు అయిదేళ్ళు పట్టింది. ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నానుగా."

తనను ఆడమనిషిగా పలుకరించిన మొదటి మాట అదియే యగుటచే విద్రుమ చాలసేపు ఏడ్చెను. పిమ్మట సిరియాలమ్మ ఆమెకు వ్రతవిధానము నుపదేశించెను. శుక్రవారము ఉదయమున తలస్నానము చేసి, తమలపాకుపై పసుపు గౌరమ్మను నిలిపి, అటుకులు బెల్లము నివేదించి, చేయవలసిన పని యొకదానిని అమ్మవారి యెదుట చెప్పుకొనవలెను. ఆ పని నెరవేరిన తరువాత వచ్చు శుక్రవారమున పసుపుదారమునకు ఒక ముడి వేయవలెను. నెరవేరనిచో వేయరాదు. పదునారు ముళ్ళు పడువరకు ఇట్లు చేయవలెను. ముడి పడని శుక్రవారము దోషము కాదు, పని కాకుండ వేసిన ముడియే దోషమని ఆమె గట్టిగా చెప్పెను.

విద్రుమ ఇంటికి వచ్చి వ్రతము పట్టెను. మొదటి వారము తనకేమి కావలెనో, ఎందుకు కావలెనో తనలో తాను తేల్చుకొనెను. రెండవ వారము తల్లిని పెరటిలో కూర్చుండబెట్టి, చిన్ననాటినుండి జరిగినదంతయు దాచక చెప్పెను. తిరుమలాంబ విని లేచి పనిలో పడెను. మూడవనాడు బియ్యమేరుచు, తలయెత్తకుండ ననెను.

"నాతో ముందే చెప్పుంటే, ఆ రోజు రథం దగ్గరికి నేనూ వచ్చుండేదాన్ని గదరా."

ఆ శుక్రవారము విద్రుమ రెండవ ముడి వేసెను.

అటుపిమ్మట చెన్నమాంబ యొద్దకు పోగా, ఆమె నాడి చూచి, కాలేయము బాగుపడినదా లేదా యని పరీక్షించి, తాతముత్తాతల వ్యాధులనుకూడ అడిగి తెలిసికొనెను. ఔషధము వలన చర్మము మెత్తబడును, రెండుమూడేండ్లకు రొమ్ము కొంత నిండును, గొంతు మాత్రము దానంతట మారదు, ఎముక మారదు, గడ్డము పలుచనగునే కాని పూర్తిగా పోదు, కొన్ని మార్పులు ఒకసారి వచ్చిన వెనుకకు పోవు, బీజశక్తి తగ్గి బిడ్డలు కలుగకపోవచ్చును, ఇవన్నియు ఆలోచించుకొని రమ్మని చెప్పి పంపెను. బిడ్డల మాట విద్రుమకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. మూడు శుక్రవారములు ఆమె దారమును ముట్టలేదు. నాలుగవ శుక్రవారమున మనసు కుదుటపడి ముడి వేసెను.

గొంతు కొరకు సిరియాలమ్మ ఆమెను ప్రతి ఉదయము ఏటి ఒడ్డునకు తీసికొనిపోయి, "గాజులమ్మా గాజులు" అని పిలిపించెడిది. మొదట ఆ పిలుపు పగిలిన కుండవలె వినిపించి ఇద్దరును నవ్వుకొనిరి. నాలుగు నెలలకు నది ఆవలి చాకలివారు, ఏమమ్మా ఎర్రగాజులున్నవా యని కేకవేసిరి. నాడు ఇద్దరును దారిపొడవున ఆ మాటనే చెప్పుకొనుచు ఇల్లు చేరిరి.

తండ్రితో చెప్పుట కష్టమాయెను. ఔబళయ్య చల్లారిన కొలిమిని చూచుచు విని, యిట్లనెను.

"ఇదంతా నాకు అర్థం కాదు. ఆడవాళ్ళ చెయ్యి పట్టుకునే వృత్తి మనది. నమ్మకం పోతే ఒక్క గడపా తెరుచుకోదు."

"అందుకే చీర కట్టకముందే గడపగడపకీ వెళ్ళి చెప్తాను నాన్నా. వద్దన్నవాళ్ళ ఇంటికి వెళ్ళను."

ఆయన కొలిమిలోని బూడిద తీసిపోసి, "మీ అమ్మని తోడు తీసుకెళ్ళు" అనెను.

తల్లియు బిడ్డయు వాడుక యిండ్లన్నింటికి పోయిరి. కొందరు తలుపులు వేసికొనిరి, అవి మరల తెరచుకొనలేదు. కొందరు ఆలోచించి చెప్పెదమనిరి. ఎక్కువమంది, నీ చేతి నేర్పు మారదు గదా, చాలుననిరి. పేరు మార్చుటకు కరణము ఆమెను రెండుమార్లు త్రిప్పిపంపెను. మూడవమారు వైద్యురాలి ఉత్తరమును, నలుగురి సాక్ష్యమును చూచి, పట్టణపు చిట్టాలో విద్రుమయని వ్రాసెను. చీర మొదట సిరియాలమ్మ ఇంట, పిదప తమ పెరటిలో, ఆ తరువాత పట్టపగలు తల్లితోడను పొరుగువారితోడను గుడికి కట్టుకొనిపోయెను. ఇట్లు నలువదియొక్క శుక్రవారములకు పదునారు ముళ్ళు పడెను. ఉద్యాపన చేసికొని, చెన్నమాంబ చేతిమీదుగా కొద్ది మోతాదున ఔషధము నారంభించెను.

మార్పు నెమ్మదిగా వచ్చెను. ఒకనాడు మధ్యాహ్నము విద్రుమ మరల రాజుకొన్న కొలిమియొద్ద పనిలో మునిగియుండగా తిరుమలాంబ లోపలినుండి పిలిచెను.

"ఏమే, అన్నం చల్లారిపోతోంది, రావే."

పిలిచిన తల్లి తన మాట తాను విని, కూర గిన్నె దింపి పీట ప్రక్కన పెట్టెను. విద్రుమ వెంటనే వచ్చి, పీటమీద కూర్చుండి, రెండుమార్లు వడ్డించుకొని తినెను.

క్రమముగా సంఘమువారు కట్టడి సడలించిరి, వ్యాపారము మునుపటికంటె పెరిగెను. రాజకుమార్తె సీమంతమునకు గాజులు తొడుగుటకు కోటనుండి పిలుపు వచ్చెను. ఆ సంబరములో విద్రుమ అయిదు నెలలు వైద్యురాలి మొగము చూడలేదు. పైగా చెక్కిళ్ళు ఇంకను నిండలేదని, తనంతట తానే మందు హెచ్చించెను. ఒకనాడు పిక్క లాగి, కాలు బరువెక్కెను. ఆమె భయపడెను గాని, ఈమారు దాచలేదు. ఆ క్షణమే తల్లితో చెప్పి, బండి కట్టించుకొని వైద్యశాలకు పోయెను. చెన్నమాంబ మందలించి, మందు మాన్పించి, చికిత్స చేసి, నెల దాటిన పిమ్మట తక్కువ మోతాదున మరల నారంభించెను. గౌరి ఆమెపై కోపించలేదు. మొదటిమారు ప్రాణముమీదికి వచ్చినది, రెండవమారు ఒక నెల విశ్రాంతితో పోయెను. కోటకు ఔబళయ్య పోయి, మా అమ్మాయికి ఒంట్లో బాగులేదు, వచ్చే నెల వచ్చునని చెప్పగా, రాజకుమార్తె ముహూర్తము మార్పించి ఎదురుచూచెను.

అటుపై విద్రుమ ఏ నెలయు పరీక్ష తప్పలేదు. తలిదండ్రులను చూచుకొనుచు, తనవంటివారు వచ్చి అడిగినప్పుడెల్ల ఈ వ్రతమును చెప్పుచు, చిరకాలము సుఖముగ నుండెనని కుశపాణి చెప్పగా మునులందరు ఆనందించిరి.

ఈ వ్రతమును తన రూపమును మార్చుకొనగోరువారు చేయవలెను. అట్టి బిడ్డను కన్నవారును, తోబుట్టువులును, స్నేహితులును ప్రక్కన కూర్చుండి చేయవచ్చును. చేసినవారికి తొందరవలని రోగము అంటదు, చేతిలోని వృత్తి పోదు, మోసపు మందులవాని మాట చెవికెక్కదు, వెంట నడచువారు దొరకుదురు. అన్ని తలుపులును తెరచుకొనునని ఈ వ్రతము చెప్పదు, తెరచుకొన్న తలుపులు చాలునన్న తృప్తి నిచ్చును. కథ విన్న ఇంట అటువంటి బిడ్డ యున్నయెడల, అందరును లేచి, చేతిలోని అక్షతలను ముందుగా ఆ బిడ్డ తలపై వేసి, తానెన్నుకొన్న పేరుతో పిలిచి, పిదప ప్రసాదము పంచుకొనవలెను.