దారి తప్పిన పనస

భీమశంకరం జేబులో ఒక కాగితం మూడు వారాలుగా నలుగుతోంది. అందులో ఉన్నది ఒకే ఒక్క అంకె. ఆ అంకె వాళ్ళ గురువుగారిది.

గురువుగారంటే అన్నప్ప ఘనపాఠి. డెబ్భై మూడేళ్ళ మనిషి. పుస్తకం ముట్టకుండా రోజుల తరబడి వేదం చెప్పగలరు. శంకరం ఏడో ఏట ఆయన ఇంట చేరి తొమ్మిదేళ్ళు చదువుకున్నాడు. తర్వాత కాలేజీలో పడ్డాడు. ఇప్పుడు పట్నంలో ఒక గుండె ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబ్ ఇన్‌చార్జి. తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. అయినా ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చి, గురువుగారి ఎదుట చాప మీద కూర్చుని, ఆయనతో కలిసి ఓ గంట వల్లె వేస్తే గానీ అతనికి వారం గడవదు.

మూడు నెలల కిందట గురువుగారికి బైపాస్ ఆపరేషన్ అయింది. శంకరం పనిచేసే ఆసుపత్రిలోనే చేశారు. అక్కడి డాక్టర్లు ఒక పరిశోధన పెట్టుకున్నారు. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా రోగి రక్తం తీస్తారు. మెదడు నరాలు దెబ్బతింటే రక్తంలోకి ఊరే పదార్థం ఒకటి ఉంది, దాన్ని కొలుస్తారు. కొన్ని నెలలు పోయాక మనిషి జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూస్తారు. ఇందుకు ఒప్పుకుంటారా అని అడిగితే గురువుగారు నవ్వి చెయ్యి చాపారు.

"తీసుకోండి నాయనా. ఎవరికో ఒకరికి పనికొస్తుంది."

దాచి ఉంచిన ఆ రక్తాన్ని మూడు వారాల కిందట మిషన్లో పెట్టింది శంకరమే. అంకె ఎక్కువ వచ్చింది. అనుమానంతో మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే వచ్చింది.

"ఇది ఎక్కువున్నవాళ్ళలో ఎక్కువమందికి మతిమరుపు కనిపిస్తోందండీ" అన్నాడు పెద్ద డాక్టరు. "కానీ ఇది వందమందిని కలిపి చూసిన మాట. ఈ ఒక్క మనిషికి ఏమవుతుందో ఈ అంకె చెప్పలేదు."

శంకరానికి మొదటి మాట గుండెలో దిగబడింది. రెండోది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. రోజంతా అంకెలు సరిచూసుకునేవాడికి అంకెంటే అంత నమ్మకం మరి.

ఇక ఆదివారాలు ఆదివారాల్లా లేవు. శంకరం వల్లె వేయడానికి వచ్చి పరీక్ష చేయడం మొదలుపెట్టాడు. "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానే?" అని గురువుగారు భార్యని అడిగితే చాలు, శంకరం మొహం పాలిపోయేది. ఆ మాట ఆయన నలభై ఏళ్ళుగా అడుగుతున్నదే అని అమ్మగారు చెప్పినా అతనికి ఊరట కలగలేదు.

అలా ఉండగా ఒక ఆదివారం అది జరగనే జరిగింది.

వేదంలో ఒకే మాట చాలాచోట్ల వస్తుంది. ఆ మలుపు దగ్గర ఏమరితే, ఒక పనస మధ్యలోంచి జారి ఎక్కడో ఉన్న ఇంకో పనసలో తేలతారు. పనస అంటే ఏభై పదాల తునక. నేర్చుకునే పిల్లలు అక్కడ దారి తప్పడం మామూలే. అన్నప్ప ఘనపాఠి తప్పడం మాత్రం శంకరం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ రోజు చూశాడు. గురువుగారు కళ్ళు మూసుకుని, గొంతులో తొణుకూ బెణుకూ లేకుండా, హాయిగా వేరే దారిన వెళ్ళిపోతున్నారు.

ఆపాలి. ఆపడానికి శంకరానికి నోరు రాలేదు. ఆయన గొంతులో గొంతు కలిపి, తెలిసి తెలిసి, ఆ తప్పుదారినే ఆయన వెంట నడిచాడు. ఇద్దరూ కలిసి ఆ పనస ముగించారు.  తర్వాత గురువుగారు కాఫీ అడిగారు.

తిరుగు బస్సులో శంకరం కండువా మొహాన కప్పుకుని ఏడ్చాడు. పట్నం చేరగానే ఒక పని చేశాడు.

గురువుగారి గురువుగారి ఆరాధన దగ్గరకొస్తోంది. ఏటా ఆ రోజు సభలో ఈయన వేదం చెబుతారు. నలభై ఒక్క ఏళ్ళుగా ఏనాడూ మానలేదు. అంతమంది పండితుల ముందు ఆయన తడబడితే చూడగలిగే గుండె శంకరానికి లేదు. సభవాళ్ళకి ఫోన్ చేసి, "ఈసారి మా గురువుగారికి ఓపిక లేదండీ, పేరు తీసేయండి" అని చెప్పేశాడు. గురువుగారికి చెప్పలేదు.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి గురువుగారు పీట మీద గోడకి ఆనుకుని ఉన్నారు. దగ్గు వస్తే కుట్లు లాగకుండా అదుముకోమని డాక్టర్లు ఇచ్చిన చిన్న దిండు ఇంకా ఒళ్ళోనే ఉంది.

"సభవాళ్ళు కబురు చేశార్రా" అన్నారు. "నాకు ఓపిక లేదట. ఆ సంగతి నాకే తెలియలేదు చూడు."

శంకరం తల వంచుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. అంతా చెప్పాడు.

"అంకె ఎక్కువా?"

"ఎక్కువేనండి."

"అయితే నేర్చుకున్నదంతా పోతుందా?"

"పోవచ్చు..." శంకరం ఆగాడు. "పోకపోవచ్చు కూడానన్నారండీ డాక్టరు గారు." ఆ రెండో మాట అతని నోటి వెంట రావడం అదే మొదలు.

గురువుగారు కాగితాన్ని మడిచి జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశారు.

"పోయిన ఆదివారం నేను దారి తప్పాను. నువ్వు పోయాక, సాయంత్రం తట్టింది నాకు. నీకు అప్పుడే తెలుసు కదూ?"

"తెలుసండి."

"తెలిసే నా వెనకాల వచ్చావు. ఎందుకొచ్చావురా?"

"మిమ్మల్ని ఆపడానికి మనసొప్పలేదండీ."

"నీ ఎనిమిదో ఏట నువ్వూ సరిగ్గా అక్కడే తప్పావు. నేను నీ వెనకాల వచ్చానా?"

రాలేదు. ఆ పొద్దు శంకరానికి ఇంకా గుర్తే. గురువుగారి పద్ధతి వేరు. పిల్లవాడి తల మీద చెయ్యి వేసి, కింది స్వరానికి తల వంచేవారు, పై స్వరానికి ఎత్తేవారు. ఆ ఒక్క పనసకీ పొద్దంతా అలా వంచుతూ ఎత్తుతూనే ఉన్నారు. రాత్రి అమ్మగారు మెడకి నూనె రాస్తే గానీ నిద్ర పట్టలేదు. ఆ పనస మళ్ళీ ఏనాడూ తప్పలేదు.

గురువుగారు దిండు పక్కన పెట్టారు. గోడ పట్టుకుని మెల్లగా పీట మీంచి లేచారు. శంకరం పట్టుకోబోతే వద్దన్నారు. వచ్చి, శిష్యుడు కూర్చునే చాప మీద కూర్చున్నారు. పీట వైపు చూపించారు.

"కూర్చో."

"గురువుగారూ, అపచారం!"

"తప్పులో నా వెంట రావడం కాదూ అపచారం? కూర్చోరా."

శంకరం పీట అంచున కూర్చున్నాడు. గురువుగారు తల వంచారు. శంకరం కుడిచెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నారు. జుట్టు పలచబడిన ఆ తల వెచ్చగా, చిన్నగా తగిలింది. ఇంత చిన్నదని శంకరం ఎప్పుడూ అనుకోలేదు. అతని చెయ్యి వణుకుతోంది.

"నువ్వు ఒకసారి చెప్పు. నేను రెండుసార్లు చెబుతాను. సంత అంటే అంతే కదా."

శంకరం చెప్పాడు. సగంలో ఆగితే, చాప మీది ఆయన ఓపిగ్గా కాచుకున్నారు. శంకరం ఒకసారి చెబితే ఆయన రెండుసార్లు. కాఫీ తెచ్చిన అమ్మగారు గుమ్మంలో ఆగి, చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళారు.

లేచేటప్పుడు గురువుగారు అన్నారు: "సభలో నా పేరు మళ్ళీ రాయించు. నువ్వు నా పక్కన కూర్చో."

ఆరాధన రోజు సత్రం హాలు నిండింది. గురువుగారి గొంతు మునుపటంత లేదు గానీ తీరు అదే. శంకరం పక్కనే కూర్చుని మలుపు కోసం ఊపిరి బిగబట్టాడు. మలుపు వచ్చింది. గురువుగారు రెండు పదాలు తప్పుదారి వైపు వేశారు, ఆగిపోయారు. 

శంకరం కళ్ళెత్తి ఎవరినీ చూడలేదు. చెయ్యి చాపి గురువుగారి తల మీద పెట్టాడు. ఎవరో "అయ్యయ్యో" అన్నారు. అతను ఆ తలని కాస్త వంచి, తప్పిన మాట ఒక్కసారి చెప్పాడు.

అన్నప్ప ఘనపాఠి చిన్నపిల్లవాడిలా రెండుసార్లు చెప్పారు. తర్వాత సరైన దారిన చివరిదాకా వెళ్ళారు. చెయ్యి దించుకున్నాక శంకరం చూసుకుంటే అది వణకడం లేదు.

సభ ముగిశాక పొరుగూరి పండితుడొకాయన దగ్గరికొచ్చాడు. ఆయన మొహంలో కోపం ఇంకా పోలేదు.

"మీ తల మీద చెయ్యి వేశాడే, ఎవరండీ ఇతను?"

గురువుగారు శంకరం వైపు తిరిగారు. చెప్పబోయి ఆగారు. పేరు కోసం వెతుకుతున్నారు. అది దొరకడం లేదని శంకరానికి తెలిసిపోయింది. అందించబోయాడు. గురువుగారు వద్దన్నట్టు అతని చేతి మీద చెయ్యి వేసి, అతని మొహంలోకి చూసి నవ్వారు.

"నాకు సంత చెప్పినవాడండీ" అన్నారు.