అరువు యాస

వర్డెల్ తలుపు తోసుకుని వచ్చిన ఊపుకి గోడమీది అద్దం కదిలింది.

"రేపు షూటింగులో వాళ్ళు నేర్పినట్టు మాట్లాడను, మిస్ ఒడెస్సా. చచ్చినా మాట్లాడను."

అది లాస్ ఏంజిలస్ నగరం. సినిమాకి కొత్తగా మాటలొచ్చిన రోజులు. ఆ సినిమాల్లో నల్లజాతి స్త్రీకి దొరికే చోటు వంటగది, మహా అయితే వంటగది గుమ్మం. ఒడెస్సా ఆ గుమ్మంలోనే నిలబడి ముసలిదైంది. ఆమె పేరు ఏ సినిమాలోనూ తెరమీద పడలేదు. నటన నేర్చుకోవాలనుకున్న నల్ల అమ్మాయిలు మాత్రం ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. వర్డెల్ అలా వచ్చినదే.

"ఏం నేర్పారు?" అంది ఒడెస్సా, చేతిలో కుట్టుపని ఆపకుండా.

"నాకు యాస నేర్పడానికి మాస్టార్ని పెట్టారు. తెల్లాయన! నల్లవాళ్ళు ఎలా మాట్లాడతారో నల్లపిల్లకి ఆయన నేర్పుతాడట. వినండి." వర్డెల్ కనుగుడ్లు గిర్రున తిప్పి, గొంతు సాగదీసింది. "'అమ్మగోరండో! సూపు సల్లారిపోతాండాదండోయ్! నా గుండి గుబేల్ గుబేల్మంటాండాదండోయ్!' చెప్పండి, ఈ భాష ఏ ఊళ్ళో మాట్లాడతారు?"

"ఆ మాస్టారి ఊళ్ళో అయ్యుంటుంది."

వర్డెల్ నవ్వలేదు. ఆమె షికాగోలో చదువుకుంది. బడిలో పద్యాలు చదివి బహుమతులు తెచ్చుకుంది. ఎన్నో నెలలు స్టూడియోల గేట్ల దగ్గర నిలబడితే దొరికిన మొదటి వేషం ఇది. ప్రియుడు వదిలేసిన హీరోయిన్ అన్నం మానేసి పడుకుంటుంది. పనిమనిషి సూపు తెచ్చి, తినమని బతిమాలాలి. ఉన్నది ఆ ఒక్క సీనే.

"బానిసత్వం పోయి, కాళ్ళ సంకెళ్ళు తెగి అరవై ఏళ్ళు దాటింది. నాలుకకి ఇంకా ఎన్నాళ్ళు? రేపు ఆ మాటే శుద్ధమైన భాషలో చెబుతాను. ఉంచితే ఉంచుతారు, లేకపోతే లేదు."

"ఏదీ, చెప్పు."

వర్డెల్ నిటారుగా నిలబడింది. "'అమ్మగారూ, దయచేసి భుజించండి. సూపు చల్లారిపోవుచున్నది.'"

"ఎవరికి చెప్పావు?"

"హీరోయిన్‌కి."

"ఆవిడ మంచంమీద ఉందిగా. నువ్వేమో సభకి చెబుతున్నావు."

వర్డెల్‌కి ఒళ్ళు మండింది. "మీకేం, అలవాటైపోయింది. ఏ సినిమాలో చూసినా అదే పనిమనిషి ఏప్రన్."

"అదే కాదు, రెండున్నాయి. ఉతుక్కోవద్దూ?" అంటూ ఒడెస్సా లేచి లోపలికి వెళ్ళింది.

వర్డెల్ కూర్చోలేదు. కిటికీ దగ్గర, వీధివైపు తిరిగి నిలబడింది. పొద్దున్నుంచి ఆమె ఏమీ తినలేదు. ఇంటికి వెళ్ళిపోదామా అనుకుంటూ ఉండగా వెనక పళ్ళెం చప్పుడైంది. ఉడికించిన బొబ్బర్ల వాసన, మొక్కజొన్న రొట్టె వాసన.

"ఎప్పట్నించి కాళ్ళమీదున్నావో ఏమో. రా తల్లీ, కూసో. రెండు ముద్దలు తిను. కోపం యాడికీ పోదు, కూడు సల్లారిపోద్ది."

"నాకొద్దే అమ్మమ్మా. ఆకలి సచ్చిపోయినాది."

అనేసి, వర్డెల్ గిరుక్కున వెనక్కి తిరిగింది.

గదిలో అమ్మమ్మ లేదు. అమెరికా దక్షిణాది పత్తిచేలలో పెరిగి, షికాగో వచ్చి, ఆమెని పెంచి, ఎప్పుడో పోయిన అమ్మమ్మ. పళ్ళెం పట్టుకుని నిలబడింది ఒడెస్సా. క్లాసులో ఒక్క అక్షరం జారినా ఊరుకోని ఒడెస్సా.

"ఈ మాటకి నవ్వొచ్చిందా?" అని అడిగింది.

వర్డెల్ తల అడ్డంగా ఊపింది. పళ్ళెం అందుకుని, కూర్చుని, మొత్తం తినేసింది.

మర్నాడు సెట్టులో లైట్లు వెలిగాయి. వర్డెల్ సూపుగిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. కళ్ళు తిప్పలేదు, గొంతు సాగదీయలేదు.

"లే తల్లీ. కూసో. సల్లారకముందే తాగు."

హీరోయిన్ తనకి రాసిచ్చిన డైలాగు మరిచిపోయి గిన్నెకోసం చెయ్యి చాపింది. సెట్టులో ఎవరూ నవ్వలేదు.

"కట్!" అని అరిచాడు డైరెక్టరు. "జనం పడీపడీ నవ్వాల్సిన సీను ఇది! ఎవరైనా చచ్చారా ఇక్కడ?"

యాస మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. "నేనేం నేర్పాను, నువ్వేం చెప్పావు? మూడేళ్ళు తిరిగి పరిశోధన చేశానమ్మాయ్, మీవాళ్ళు ఎలా మాట్లాడతారో."

"నన్ను పెంచిందే ఈ మాట, సార్."

మళ్ళీ తీశారు. వర్డెల్ మళ్ళీ అలాగే చెప్పింది. "అండోయ్ అను!" అని అరిచాడు డైరెక్టరు. ఆమె అనలేదు. మధ్యాహ్నం కాకముందే ఆమె ఏప్రన్ విప్పించి, ఇంకో అమ్మాయికి కట్టారు.

వర్డెల్ బస్సు ఎక్కలేదు. ఎండలో, తల ఎత్తుకుని, ఒడెస్సా ఇంటిదాకా నడిచింది. ముసలావిడ గుమ్మంలో కూర్చుని ఉంది.

"వేషం పోయింది, మిస్ ఒడెస్సా."

ఒడెస్సా పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చింది.

"మరి మాట?"

"యాడికీ పోలా," అంది వర్డెల్.