గొంగళ్ల పరీక్ష

ఏ రాజ్యపు సరుకునైనా ఎక్కడైనా అమ్ముకోవచ్చని మూడు రాజ్యాల వర్తక సభ తీర్మానించింది. సభకు పెద్ద వీరభద్ర శెట్టి, గొంగళ్ల వ్యాపారి. ఏటి అవతలి రాజ్యపు గొర్రెల కాపరి నింగమ్మ తను నేసిన గొంగళ్లు తెచ్చి సంతలో పరిచింది మొదలు ఆయనకు తిండి సయించడం లేదు. జనమంతా ఆమె దగ్గర, తన కొట్టులో ఈగలు. చివరికి సభను కూర్చి నింగమ్మను పిలిపించాడు.

"పొరుగు సరుకును మేం ఆపం. కాకపోతే అది చలికి ఆగుతుందో లేదో సభ పదిరోజులు పరీక్షించాలి. అందాకా అమ్మకూడదు," అన్నాడు. సంత ఉండేదే పదిరోజులు.

"అలాగే శెట్టిగారూ. మడతపెట్టి మూలన పడేస్తే ఏం తెలుస్తుంది? తలా ఒకటి కప్పుకుని చూడండి," అంది నింగమ్మ.

పుష్యమాసపు చలి. సభ్యులు కాదనలేదు. పెద్ద గనక శెట్టీ కప్పుకోక తప్పలేదు. సభ్యుల ఒంటిమీద చూసి, ఆ గొంగళ్లు ఎప్పుడమ్ముతారని జనం సభ చుట్టూ మూగారు. మూడోనాటికి శెట్టి ఓర్వలేకపోయాడు.

"పరీక్ష అయిపోయింది. ఇవి చలికి ఆగవు."

"అయితే ఇచ్చేయండి, పట్టుకుపోతాను."

ఒక్క సభ్యుడూ కదల్లేదు. అందరూ శెట్టి వైపు చూశారు. గొంగడి తీయడానికి ఆయనకూ చేతులు రాలేదు. నింగమ్మ గెలిచినందుకు కాదు, అది అంత వెచ్చగా ఉన్నందుకే ఆయనకు ఎక్కువ మండింది.