రాజుగారి నక్షత్రంలో నీళ్లు

కొత్త వస్తువు ఏది వచ్చినా అందులో ముందు తన ముఖమే చూసుకోవాలి శిఖరగిరి రాజు విజయగోపాలుడికి. అద్దమైనా అంతే, ఆకాశమైనా అంతే.

ఆ ఏడు కొండ మీది పెద్ద టెలిస్కోపుకి కొత్త స్పెక్ట్రోగ్రాఫు బిగించారు. నక్షత్రం వెలుగుని పోగులు పోగులుగా విడదీసి, ఏ పోగు ఎంత ఉందో కాగితం మీద గీత గీసి చూపించే యంత్రం అది. ఎరుపుకి అవతల, మన కంటికి ఆనని వెలుగే దానికి కావాలి. తన ఒంటి వేడి తనకే అడ్డొస్తుంది కనక దాన్ని ఎప్పుడూ గడ్డకట్టే చలిలో ఉంచాలి. ఆ చలి చూసుకునేది పేరమ్మ. యంత్రానికి ఏ నలత చేసినా ముందు ఆమెకే తెలుస్తుంది.

"తొలిచూపు నా జన్మనక్షత్రం చిత్త మీదే పడాలి. అందులో ఏముందో సభలో చెప్పండి" అన్నాడు రాజు.

చెప్పే పని ఆస్థాన విద్వాంసుడు గగనభట్టుది. ఆయన యంత్రం దగ్గరికి శాలువా కప్పుకుని వచ్చాడు, శాలువాతోనే వెళ్లాడు. మధ్యలో చెయ్యి పెట్టింది లేదు.

"భట్టుగారూ, పక్కనున్న మామూలు నక్షత్రాన్ని కూడా ఒకసారి చూద్దామండి. రెండు గీతలూ పోల్చుకుంటే గాని ఏది ఎక్కడిదో తేలదు. కొత్త యంత్రానికి ఇది తప్పనిసరి" అంది పేరమ్మ.

భట్టు చెవులు మూసుకున్నాడు.

"శివ శివా! రాజనక్షత్రాన్ని చూసిన వారంలో ఇంకో నక్షత్రాన్నా? సింహాసనం పక్కన ముక్కాలిపీట వేస్తామా? కొండ మర్యాద తెలీదా నీకు?"

మర్యాద అనేసరికి ఆ కొండ మీద ఎవరి నోరూ పెగలదు. పేరమ్మ చిత్త గీత ఒక్కటే గీయించి ఇచ్చింది.

మర్నాడు సభలో భట్టు కాగితం విప్పాడు. గీత నున్నగా సాగి, రెండు చోట్ల గొయ్యిలా దిగిపోయింది.

"మహాప్రభో! ఈ రెండూ నీటి గుర్తులు. తమ నక్షత్రం నిండా నీళ్లే! ఈసారి వానలకి కొదవ లేదు. ఏలినవారి నక్షత్రమే తడుపుతానంటుంటే, మెట్టపల్లెకి కాలవ తవ్వడం దాన్ని అవమానించడం కాదూ?"

రాజు ఉబ్బిపోయాడు. "నిజమే సుమా! ఎల్లుండి నుంచి కాలవ పని ఆపేయండి."

మెట్టపల్లె పేరమ్మ పుట్టిల్లు. మూడేళ్లుగా అక్కడ గింజ పండలేదు. కాలవ ఊరికి ఇంకో క్రోసు దూరంలో ఉంది. ఇప్పుడు ఆపితే మళ్లీ ఎవరు తవ్వుతారు? ఆ గుర్తులు నీటివే, ఆమెకూ తెలుసు. ఆ నీళ్లు ఎక్కడివో కూడా తెలుసు. కానీ భట్టు మాటకి ఎదురుచెబితే వినేదెవరు?

ఆమె ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"ప్రభూ, ఒక్కరోజు గడువివ్వండి. ఇంకో గీత తెస్తాను. దాన్ని కూడా విద్వాంసులవారే చదవాలి."

"వేరే నక్షత్రం వంక చూశావో..." అని వేలు చూపించాడు భట్టు.

"చూడను స్వామీ, మాటిస్తున్నాను."

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా పేరమ్మ టెలిస్కోపుని బాగా కిందికి వంచింది. కాసేపట్లో పని ముగించుకుని, కాగితం చుట్టుకుని ఇంటికెళ్లింది.

తెల్లవారి సభలో భట్టు ఆ కాగితం చూశాడో లేదో, ఎగిరి గంతేశాడు.

"అద్భుతం! నిన్నటి చోట్లే ఈ గుర్తులూనూ! పైగా రెట్టింపు లోతు! నీళ్లు పొంగి పొర్లుతున్నాయి ప్రభూ. వారం తిరక్కుండా కుండపోత!"

"ఇది రాజుగారి నక్షత్రమేనంటారా?" అంది పేరమ్మ అమాయకంగా.

"సందేహమా? ఇంత తేజస్సు మరో దానికి ఉంటుందా? నా శాలువా మీద ఒట్టు!"

రాజు మీసం దువ్వుకున్నాడు. పేరమ్మ చేతులు కట్టుకుని, నెమ్మదిగా అంది:

"అది ఎదుటి కొండ మీద సింగారమ్మ పెసరట్ల పొయ్యండి. నిప్పులు బాగా రాజుకున్నాక చూశాను."

రాజు మీసం మీది చెయ్యి తీసేశాడు.

"మరి ఆ నీళ్లో?" అన్నాడు రాజు.

"మన గాలిలో తేమ ప్రభూ. ఏ వెలుగైనా మన గాలిలోంచే కదా రావాలి. దారిలో ఆ తేమ రెండు చోట్ల కొరికేస్తుంది. పొయ్యి వెలుగు కొండల నడుమ చిక్కటి గాలిలో అడ్డంగా వచ్చింది, అందుకే ఎక్కువ కొరికింది. తమ నక్షత్రం భగభగ మండేది. అక్కడ నీటిచుక్క కూడా నిలవదు."

రాజు ఒకసారి భట్టుని చూశాడు, ఒకసారి కాగితాన్ని చూశాడు.

"ఏమయ్యా భట్టూ, ఆ పొయ్యి మీద కుండపోత కురిస్తే రేపటి నుంచి మనకి పెసరట్లెలా?"

ముందు రాణిగారు ఫక్కుమంది. తర్వాత సభంతా పొట్టలు పట్టుకుంది. ఎంత ఆపుకుందామన్నా పేరమ్మకీ నవ్వాగలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాజు గగనభట్టు భుజం మీది శాలువా తీయించి పేరమ్మకి కప్పాడు. కొత్త యంత్రంతో ముందు ఏది చూడాలో, తర్వాత ఏది చూడాలో ఇకపై ఆమే చెబుతుందన్నాడు.

"కాలవ పని ఆగదు. రేపు పొద్దున మొదటి గునపం పోటు భట్టుగారిది. కాలవ మెట్టపల్లె చేరేదాకా ఆయన అక్కడే ఉండాలి!"