పిగిలిపిట్ట పాడిన మబ్బు పాట

అనగనగా కొండల నడుమ ఒక మద్దిచెట్ల అడవి. ఆ అడవిలో పిట్టలన్నిటికీ ఒక పాటంటే ప్రాణం. దాని పేరు మబ్బు పాట. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు కోయిల తాత కట్టి పాడిన పాట అది. నిన్న రెక్కలొచ్చిన పిల్ల కూడా దాన్ని కూనిరాగం తీసేది.

కానీ పిల్లలూ, సభలో పాడమంటే మాత్రం ఒక్కరూ ముందుకొచ్చేవారు కారు. ఎందుకంటారా? మూడో చరణంలో రాగం మెట్టు మెట్టుగా పైకి పోతుంది. అంత ఎత్తుకీ ఒక్క ఊపిరిలో వెళ్ళాలి. మధ్యలో గొంతు చీలిందా, ఇక గోరింకలు ఏడాది పొడుగునా వెక్కిరించేవి.

తాతకి ఇప్పుడు గొంతు పోయింది. చెవులూ మందగిస్తున్నాయి.

"పూర్తిగా వినపడకుండా పోయేలోగా, నా పాట ఒక్కసారి వినాలని ఉందర్రా" అన్నాడు తాత.

అందరూ నేలచూపులు చూశారు. తురాయి అనే చిన్న పిగిలిపిట్ట మాత్రం, "నేను పాడతాను తాతా" అంది.

అనేసింది కానీ, అప్పటినుంచే దానికి గోరింకల భయం పట్టుకుంది. పిట్టలన్నీ చేరే తొలకరి సభకి ఇంక మూడు రోజులే ఉన్నాయి.

మొదటి రోజు పాడి చూసింది. మూడో చరణంలో గొంతు చీలింది. రెండో రోజు పూలతేనె తాగి పాడింది. సరిగ్గా అక్కడే చీలింది. మూడో రోజు గొంతు అసలు పైకే లేవలేదు. కొమ్మ మీద కూలబడి ఏడ్చింది.

అప్పుడు ఏట్రింత వచ్చి పక్కన వాలాడు. చీలిన తోక ఉన్న నల్ల పిట్ట వాడు. ఎవరి గొంతునైనా అచ్చం దించేస్తాడు.

"ఎందుకే ఏడుపు? నేను ఆకుల చాటున కూర్చుంటా. ఆ కష్టమైన ముక్క నీ గొంతుతో నేను పాడేస్తా. నువ్వు నోరు తెరిస్తే చాలు" అన్నాడు.

"అది మోసం కదా అన్నా?"

"ఎవరికి తెలుస్తుంది? తాతకి సగం చెవుడు. పోనీ, నవ్వులపాలవుతావా?"

తురాయికి గోరింకల వెక్కిరింతలు గుర్తొచ్చాయి. చివరికి సరేనని తల ఊపింది.

మర్నాడు సభ నిండింది. గోరింకలు ముందు వరసలోనే కూర్చున్నాయి. ఏట్రింత ఆకుల్లో దూరాడు. తురాయి పాట ఎత్తుకుంది.

మొదటి చరణం సాఫీగా సాగింది. రెండోదీ గట్టెక్కింది. మూడో చరణం దగ్గర పడుతోంది. ఒక్క గోరింకా కదలడం లేదు.

అప్పుడు తురాయి తాతని చూసింది. తాత కళ్ళు మూసుకుని, మెడ ముందుకు చాచి వింటున్నాడు. ఒక్క స్వరమైనా జారిపోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టాడు.

తురాయి ఆకుల వైపు తిరిగి, వద్దని తల అడ్డంగా ఊపింది. తనే పైకి ఎత్తుకుంది. ఒక మెట్టు. రెండు మెట్లు. మూడో మెట్టు మీద గొంతు చీలింది.

గోరింకలు కిచకిచ నవ్వాయి. ఎగిరి పారిపోదామా అనుకుంది తురాయి. పారిపోలేదు. ఊపిరి తీసుకుంది. ఈసారి తాతలా పాడబోలేదు. తన చిన్న గొంతుకి అందేలా శ్రుతి దించింది. కావలసిన చోట ఆగి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా పైకి తీసుకెళ్ళి పాట ముగించింది.

తాత కళ్ళు తెరిచాడు.

"ఆ చివరి చరణం నాకు సరిగ్గా వినపడలేదమ్మా. ఇలా వచ్చి, నా చెవి దగ్గర ఇంకోసారి పాడు."

తురాయి ఏట్రింత దాగిన ఆకుల వైపు చూసింది. ఏట్రింత చేత పాడించి ఉంటే? ఇంతమంది ముందు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తాత దగ్గరికి వెళ్ళేది?

ఆకుల్లో ఏట్రింత మరింత లోపలికి ముడుచుకున్నాడు.

తురాయి ఎగిరి వెళ్ళి తాత పక్కన వాలింది. ఆయన చెవికి ముక్కు ఆనించి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు వణకలేదు. ముసలి కోయిల ముక్కు చప్పుడు లేకుండా తెరుచుకుంటూ, మూసుకుంటూ పాటతో పాటు కదిలింది.

నీతి: అరువు గొంతుతో వచ్చే మెప్పుకన్నా, తడబడినా సొంత గొంతుతో పాడిన పాటే మేలు.