అసిరమ్మ గీత

ఊ కొట్టేవాళ్లుంటేనే చెబుతాను. మధ్యలో నిద్రపోతే కథ ఏట్లో కొట్టుకుపోతుంది, తర్వాత నన్నడగొద్దు.

అనగా అనగా ఒక ఏరు. ఆ ఏటికి ఒక ఊరు. ఊరికి ఏరు కాదు, ఏటికే ఊరు, ఎందుకంటే ఏరే ముందొచ్చింది. ఊరి పేరు గవ్వలరేవు. అక్కడి ఇసకలో గవ్వలు దొరికేవి. వాటిని కాల్చి సున్నం చేసేవారు. ఆ సున్నాన్ని ఊరందరి గోడలకూ వేసే మనిషి అసిరమ్మ.

అసిరమ్మకు పొలం లేదు, పుట్రా లేదు. తాటిపీచు కుంచె ఒకటి, సున్నం కుండ ఒకటి, ఊరి మెరక మీద గుడిసె ఒకటి. మొగుడు గురయ్య ఒకడు. చంటిపిల్ల నీలి ఒకతె. ఆమెకు అదే రాజ్యం.

ఒక ఏడు ఏరు ఊళ్లోకి వచ్చింది. పొద్దు పొడిచే వేళకు గడప తడిసింది. గురయ్య పెళ్లాన్ని ఎత్తి దూలమెక్కించాడు. దూలం కిర్రుమంది. ఇంకాస్త బరువు పడితే విరుగుతుందేమోనని పిల్లను తన భుజాల మీదే కూర్చోబెట్టుకున్నాడు. నీళ్లు మోకాలికొచ్చాయి, మొలకొచ్చాయి, మెడకొచ్చాయి. గడ్డం కింద ఆగాయి. తల కదిపితే నోట్లోకి నీళ్లు పోతాయి. అందుకని పిల్ల ఎలా ఉందో పైకి చూడలేడు.

"పాప పైనుందా?" అని అడిగేవాడు.

"పైనుంది మావా" అనేది అసిరమ్మ.

కాసేపాగి మళ్లీ, "పాప పైనుందా?"

"పైనుంది మావా."

అతను అడగడం మానలేదు. ఆమె చెప్పడం మానలేదు. పొద్దు గూకే వేళకు ఏరు తీసి వెనక్కి పోయింది. పాప బతికింది. గురయ్యకు మాత్రం చలి ఎముకల్లోకి దిగింది. ఆ చలి మళ్లీ పైకి రాలేదు. అతన్ని తీసుకునే పోయింది.

గుడిసె గోడ మీద బురద చార ఒకటి మిగిలింది. సరిగ్గా గురయ్య గడ్డం ఉన్న చోట.

ఇక్కడ గవ్వలరేవు వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఏరు తీసీ తీయగానే వాళ్లు చేసే మొదటి పని గోడలకు సున్నం కొట్టించడం. ఎందుకయ్యా అంటే, ఏటి మరక ఉన్న ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లను చేసుకోరు. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లు పిల్లాడి ముఖం కన్నా ముందు గోడలే చూస్తారు. అంచేత అసిరమ్మే, ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో ఊరందరి మరకలూ తుడిచేసింది. మరకలతో పాటు ఊరికి భయమూ పోయింది. భయం పోయిన ఊరు మళ్లీ ఏటి వైపే జరిగింది.

తన గుడిసెలో మాత్రం చార కింద సున్నం వేసింది, చార పైన సున్నం వేసింది, చారను ముట్టుకోలేదు. ఎండకు బురద రాలిపోతుంటే చూడలేకపోయింది. జేగురు నానబెట్టి, ఆ ఎర్రరంగుతో చార మీదే గీత గీసింది. ప్రతి ఏడూ గీసేది.

"ఏటి మరక ఇంట్లో ఉంచుకోకే, మంచిది కాదు" అన్నారు ఊరివాళ్లు.

"ఏటిది కాదమ్మా, మా మావది" అనేది.

ఊరికి పెద్ద పెదనాయుడు. మనిషి మంచివాడే. ఏరు వచ్చి పోయినప్పుడల్లా ఒక కట్టడి చేసి దండోరా వేయించేవాడు.

మొదటి కట్టడి: ఏటి ఒడ్డున ఎవరూ ఇల్లు కట్టకూడదు. బాగుంది. ఒడ్డంటే ఎక్కడ? దోనె నడిపే దాలయ్యకు దోనె ఆగిన చోటే ఒడ్డు. చెరకు వేసినవాడికి చెరకు అయిపోయిన చోటు ఒడ్డు. నాయుడికి తన కళ్లం దాటాకే ఒడ్డు. వేసవిలో ఏరు సన్నబడి అవతలకు పోయేది. ఒడ్డు దాని వెనకే పోయేది. ఒడ్డు వెనకే ఇళ్లూ పోయేవి. కట్టడి మంచిదే, కట్టడిలో మాటకే కుదురు లేదు.

రెండో కట్టడి: ఇల్లు ఎత్తుగా కట్టుకోవాలి. బాగుంది. ఎత్తంటే ఎంత? పొడుగువాడికి తన మొల ఎత్తు. పొట్టివాడికి తన మోకాలెత్తు. బద్ధకస్తుడికి ఒక మెట్టు వేస్తే ఎత్తే. కట్టడి మంచిదే, మాటకే కుదురు లేదు.

మూడో కట్టడి: ఏరు ముంచిన ఇంటిని బాగుచేసుకోవచ్చు గానీ, మళ్లీ అక్కడే కొత్తిల్లు కట్టకూడదు. ఇది ఇంకా బాగుంది. పల్లంలో, ఏటి పక్కనే, గంగులు అనే కుర్రాడికి తాత ఇచ్చిన ఇల్లుండేది. వాడు ఒక ఏడు కప్పు మార్చాడు. ఇంకో ఏడు గోడలు మార్చాడు. ఆపై ఏడు స్తంభాలు మార్చాడు. "కొత్తిల్లు కట్టావేంట్రా?" అంటే, "లేదు బావూ, తాత ఇల్లే, కాస్త బాగుసేసినాను" అన్నాడు. ఆ తాతే లేచి వస్తే ఇల్లు పోల్చుకోలేక పక్కింట్లో అన్నం తిని పోతాడు. మరి నాయుడేమంటాడు? బాగుచేయడం ఎక్కడ ఆగుతుందో, కట్టడం ఎక్కడ మొదలవుతుందో దండోరాలో లేదు. కట్టడి మంచిదే, మాటకే కుదురు లేదు.

అలా ఉండగా నీలి పెద్దదైంది. చక్కని పిల్ల. కానీ గోడ మీద ఆ ఎర్రగీత చూసి వచ్చిన సంబంధమల్లా గుమ్మంలోంచే వెనక్కి తిరిగేది. "తుడిచెయ్యమ్మా" అని నీలి ఒక్కసారీ అనలేదు. ఆ గీత పైన కూర్చుని బతికిన పిల్ల కదా.

గీతను చూసి కూడా లోపలికి వచ్చినవాడు ఒక్కడే, గంగులు. వాడికి గోడల ధ్యాస లేదు, నీలి ధ్యాసే. అసిరమ్మకు ప్రాణం లేచొచ్చింది. అయినా వాడి ఇల్లు పల్లంలో ఉందని గుండెలో ముల్లు.

"నాకేమీ వొద్దు నాయినా. నా పిల్లని ఎత్తులో ఉంచు, సాలు" అంది.

"ఎంత ఎత్తులో అత్తా?" అని అడిగాడు గంగులు.

చూశారా, ఆ ఊళ్లో ఆ మాట అడిగిన మొదటివాడు వాడే. అసిరమ్మ గీత చూపించింది. గంగులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గీత వాడి గడ్డానికి తగిలింది. వాడు ఇంటికి పోయి, తాటి దూలాలు తెచ్చి, సరిగ్గా తన గడ్డమంత ఎత్తున గట్టి అటక కట్టాడు. అసిరమ్మ వచ్చి చూసింది. అటక మీద కూతుర్ని కూర్చోబెట్టి చూసింది. కడుపు చల్లబడింది. పెళ్లి చేసింది.

అల్లుడిది ప్రేమే, అత్తదీ ప్రేమే. ఇద్దరిదీ పొరపాటే. అదేమిటో చెబుతాను, తొందరపడకండి.

నీలికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఇంకా మెడ నిలపలేదు, ఏరు వచ్చింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక? గంగులు ఆవుల్ని మెరక మీదకు తోలుతూ, "అటకెక్కి కూకో నీలీ, నాను ఇప్పుడే వస్తాను" అని వెళ్లాడు. వెళ్లినవాడికి వెనక్కి దారి లేకుండా పోయింది.

మెరక మీద అసిరమ్మ గుడిసెలోకీ నీళ్లు వచ్చాయి. పాదాలు తడిశాయి. మోకాళ్లు తడిశాయి. ఆమె గీత వంక చూసింది. గీత ఇంకా ఎంతో పైనుంది. "మా నీలి అటకా ఆ గీతంత ఎత్తే. నీలికీ భయం లేదు, పాపకీ భయం లేదు" అనుకుంది. తేలిపోతున్న సున్నం కుండను లాగి చంకన పెట్టుకుంది.

కుండ ఒక పక్కకు వంగింది. వంగిన పక్క సున్నం మూతి దాకా వచ్చింది. రెండో పక్క అడుగున ఉంది.

అసిరమ్మ అలాగే నిలబడిపోయింది. జీవితమంతా ఆ కుండ మోసింది, ఏనాడూ దానివంక ఇలా చూడలేదు. కుండ వంగింది గానీ సున్నం వంగలేదు. ఊరూ అంతే కదా, మెరక నుంచి పల్లానికి వంగి ఉంది. ఏరు వంగదు. ఇక్కడ మోకాలి లోతంటే, ఒక మనిషి కిందికున్న గంగులు ఇంట్లో ఎంత లోతు?

కుండ అక్కడే వదిలేసింది. "దాలయ్యన్నా, దోనె" అని ఊరు అదిరేలా కేక వేసింది.

దాలయ్య దోనె తెచ్చాడు. పల్లంలోకి వచ్చేసరికి గంగులు ఇంటికి కప్పొక్కటే కనిపిస్తోంది. ఇద్దరూ కప్పు మీది తాటాకు పీకారు. చేతులు గీరుకుపోయి నెత్తురొచ్చినా పీకారు. లోపల చీకటి.

"పాప పైనుందా?" అని అరిచింది అసిరమ్మ.

ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. ఆ క్షణం ఆమెకు ఎంత పొడుగో నేను చెప్పలేను.

"పైనుందమ్మా" అంది నీలి.

అటక మీద నిలబడ్డా నీలికి మొల దాకా నీళ్లే. రెండు చేతులా పాపను నెత్తి పైకి ఎత్తి పట్టుకుంది. ముందు పాపను తీశారు, తర్వాత తల్లిని తీశారు. దోనె కాస్త దూరం పోయిందో లేదో ఇల్లు వెనకాల కూలింది.

"నాన్న గీతంత ఎత్తే కదమ్మా అటక" అని ఏడ్చింది నీలి.

"గీత తప్పు కాదు తల్లీ. మెరక మీది గీతని పల్లంలో మనం గెడ్డంతో కొలిసినాం" అంది అసిరమ్మ.

కూతుర్నీ మనవరాల్నీ మెరక చివర గంగులుకు అప్పగించి గుడిసెకు తిరిగి వచ్చింది. ఏరు ఇంకా పెరిగింది. పెరిగి పెరిగి, ఎర్రగీతను ముట్టుకుని ఆగింది. సరిగ్గా అక్కడే. అసిరమ్మ దోనెలో నుంచి ఆ గీతను చూసి, "వచ్చినావా మావా" అంది. అప్పటికి గాని ఆమెకు ఏడుపు రాలేదు.

తర్వాత ఉట్టి మీద నుంచి జేగురు కుండ దించుకుంది. కుంచె తీసుకుంది.

"ఎక్కడికే ఇప్పుడు?" అన్నాడు దాలయ్య.

"ఏరు నిలబడి ఉండగానే ప్రతి గోడ కాడికీ తిప్పన్నా. ఎవరింట్లో ఎంతో అదే సెప్తాది. నాను కుంచె పట్టుకుంటాను, అంతే."

ఏరు ఆ పూటంతా కదలకుండా నిలబడింది. అసిరమ్మ మొలలోతు నీళ్లలో దిగుతూ, దోనె ఎక్కుతూ, ఏ గోడకు నీళ్లు ఎక్కడ తగిలాయో అక్కడ ఎర్రగీత గీసింది. కూలిన ఇంటి దగ్గర చెట్టుకు గీసింది. మెరక చివర నిలబడ్డ ఆడవాళ్లు లబోదిబోమన్నారు. "మా గోడలు పాడు సేస్తన్నాది. మా పిల్లలకి పెళ్లిళ్లెలా అవుతాయే?" అన్నారు. మునిగిపోయిన వాళ్లకు పెళ్లిళ్ల బెంగ! మనుషులు అలాగే ఉంటారు, నవ్వకండి. మీరైనా అంతే, నేనైనా అంతే.

గంగులు ఇంటి దగ్గర ఇల్లు లేదు. తాడిచెట్టు ఒకటుంది. దాని మానుకు ఆఖరి గీత గీసింది.

ఆ సాయంత్రానికి ఆమెను చలి పట్టుకుంది. గురయ్యను పట్టుకున్న చలే. నీలి పాపను భుజాన వేసుకుని పక్కనే కూర్చుంది. అసిరమ్మకు కళ్లు తెరిపిడి పడటం లేదు.

"పాప పైనుందా?" అంది.

"పైనుందమ్మా."

అదే ఆమె విన్న ఆఖరు మాట. ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది.

ఏరు తీసింది. ఊరు అలవాటు ప్రకారం సున్నం కలిపింది. వేయడానికి అసిరమ్మ లేదు గనక ఎవరి కుంచె వాళ్లే పట్టుకున్నారు. నాయుడు కూడా కుంచె ముంచి తన గోడ ముందు నిలబడ్డాడు. అప్పుడు పల్లంలోంచి గంగులు పిలుపు వినపడింది.

అందరూ వెళ్లారు. గంగులు తాడిచెట్టు కింద నిలబడి ఉన్నాడు. చేతులు పైకెత్తాడు. గీత అందలేదు. ఎగిరాడు. అయినా అందలేదు.

"నాను అటక కట్టింది నా గెడ్డం దాకా. ఏరొచ్చింది అంతదాకా" అన్నాడు. "మా అత్త రాకపోతే నాకివాళ పెళ్లామూ లేదు, పిల్లా లేదు."

నీలి వచ్చి పక్కన నిలబడింది. "ఒక్క గీతని తుడవలేక మా అమ్మ బతికినంత కాలం మాటలు పడ్డాది. ఈ గీతల్ని మీరు తుడిసెయ్యకండి" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. పల్లం నుంచి మెరక దాకా గీతలు చూసుకుంటూ నడిచారు. తాడిచెట్టు దగ్గర అందనంత పైన. నాయుడి గోడకు తలకన్నా పైన. అసిరమ్మ గుడిసెలో గడ్డం దగ్గర. మెరక చివర, ఒక మెట్టురాతి మీద, నేలను ముట్టుకుని ఉంది. ఊరంతా వంగి ఉంది గానీ గీత ఒక్కటే. నాయుడు తన కుంచెను ఆ మెట్టు మీద పెట్టేశాడు.

మర్నాడు దండోరా వేయించాడు. గీత నేలను ముట్టిన చోటే ఒడ్డు, వేసవైనా వర్షమైనా. గీత కన్నా జానెడు పైనుంటేనే ఎత్తు, పొట్టివాడికైనా పొడుగువాడికైనా. గీత ఉన్న గోడను తీసేస్తే అది బాగుచేయడం కాదు, కొత్తిల్లే, మెరకెక్కాల్సిందే. నాయుడి కళ్లం కూడా ఒడ్డుకు అవతల, ఏటి వైపే పడింది. ఆయన నోరెత్తకుండా ఎడ్లు కట్టుకుని కళ్లం మార్చుకున్నాడు.

అప్పటి నుంచి గవ్వలరేవులో సున్నం గీత దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క చారకూ ఇంటి ఆడపడుచు జేగురు పెడుతుంది. దీపం గూడు గీతకు పైనే తొలుస్తారు. పిల్లనిచ్చే వాళ్లు వస్తే, "ముందు మీ ఇంట్లో అసిరమ్మ గీత ఎక్కడుందో చూపించండి" అంటారు. గీత తుడిచేసిన ఇంటికి పిల్లనివ్వరు. పాప పుడితే, చిట్టి అరచేతికి జేగురు రాసి, గీతకు పైన గోడ మీద అద్దుతారు.

వానాకాలం ఏరు ఎర్రబడితే ఒక ఇంటివాళ్లు పక్కింటి వాళ్లను కేకేసి అడుగుతారు. ఆ ఇంట్లో పసిపిల్లలు ఉన్నా లేకపోయినా, ముసలివాళ్లే ఉన్నా, అడిగే మాట అదే. వాళ్లు బదులు చెప్పి, తర్వాతి ఇంటిని అడుగుతారు. పల్లంలో బయల్దేరిన పిలుపు అలా మెరక దాకా పోతుంది. ఆఖరి ఇల్లు బదులిచ్చాకే ఊళ్లో వాళ్లు ముద్ద ముట్టేది.

ఇంతసేపూ ఊ కొట్టారు. ఇప్పుడు ఊ కాదు, నోరారా చెప్పండి.

పాప పైనుందా?